నీలి నారింజ చుట్టూ నవ్వు: జో పెన్‌హాల్ 'బ్లూ/ఆరెంజ్' నాటకంలో ఉన్మాదం, హాస్యం, అధికారం

వ్యాససంగ్రహం

సైకోసిస్ బారిన పడిన యువకుడి కథను హాస్యనాటకంగా మలచినప్పుడు ప్రేక్షకుల నవ్వు ఎవరి మీద పడుతుంది? రోగి మీదనా, వైద్యుడి మీదనా, లేక నవ్వే ప్రేక్షకుడి మీదనేనా? బ్రిటిష్ నాటకకర్త జో పెన్‌హాల్ రచించగా 2000లో లండన్ నేషనల్ థియేటర్ ప్రదర్శించిన 'బ్లూ/ఆరెంజ్' ఈ ప్రశ్నను ఇతివృత్తంలోనే నిలిపిన నాటకం. రోగి పలికే అసంబద్ధ వాక్యాలను అర్థం చేసుకోవడానికి పూనుకున్న ఇద్దరు వైద్యుల సంభాషణే క్రమంగా అసంబద్ధమైపోవడం ఈ నాటకంలోని హాస్యానికి మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. భరతుని హాస్యరస నిరూపణ, మహేంద్రవర్మ 'మత్తవిలాస ప్రహసనం', పీటర్ షాఫర్ 'ఈక్వస్' నాటకాల నేపథ్యంలో ఈ ప్రతిపాదనను పరిశీలించి, తెలుగు అనువాదానికీ ప్రదర్శనకూ సంబంధించిన కొన్ని సమస్యలను సూచిస్తుంది.

కీలక పదాలు: ఉన్మాదం, హాస్యరసం, అసత్ప్రలాపం, సైకోసిస్, బ్రిటిష్ నాటకం, జో పెన్‌హాల్, మనోవైద్యం, అనువాదం.

1. ఉపోద్ఘాతం

సైకోసిస్ అనేది ఒకే వ్యాధి పేరు కాదు. వాస్తవంతో మనసుకున్న సంబంధం సడలిపోయే స్థితికి అది వైద్యశాస్త్రం పెట్టుకున్న పేరు. లేని గొంతులు వినిపించడం, లేని దృశ్యాలు కనిపించడం ఇంద్రియభ్రాంతులు. ఎంత సాక్ష్యం చూపినా సడలని తప్పుడు నమ్మకం మిథ్యావిశ్వాసం. స్కిజోఫ్రెనియా వంటి వ్యాధులలో ఈ రెండూ ప్రధాన లక్షణాలు. ఇవి ఎక్కువగా కౌమారం చివరి దశలోనూ, ఇరవయ్యవ పడి తొలి సంవత్సరాలలోనూ బయటపడతాయి. అంటే చదువు ముగిసి జీవితం మొదలవుతున్న సరిగ్గా ఆ వేళకే వ్యాధి వచ్చి కూర్చుంటుంది. తనెవరో తేల్చుకోవలసిన వయసులో తన మాటను ఇతరులు నమ్మని పరిస్థితి ఏర్పడుతుంది. ఈ వయసు రోగిని నాటకకర్తలు పదేపదే ఎన్నుకోవడానికి ఇదొక కారణం.

అయితే ఇటువంటి వస్తువును గంభీరంగా చెప్పడం ఒక పద్ధతి, హాస్యంగా చెప్పడం మరొక పద్ధతి. గంభీర నాటకానికి సానుభూతి సులువుగా దొరుకుతుంది. హాస్యనాటకానికి అలా కాదు. రంగస్థలం మీద మతి చలించిన పాత్ర ఎప్పటినుంచో నవ్వుకు ముడిసరుకు. వంకర నడక, పొంతన లేని మాట, అకారణమైన నవ్వు ప్రేక్షకుణ్ణి తేలికగా నవ్విస్తాయి. ఆ తేలికదనాన్ని వదులుకొని కూడా నాటకం హాస్యంగా నిలవగలదా అన్నది ఈ వ్యాసం పరిశీలించే సమస్య. ఇందుకు 'బ్లూ/ఆరెంజ్' సరైన ఉదాహరణ. ఇందులోని రోగి క్రిస్టఫర్‌కు 24 ఏళ్లు. కౌమారం దాటినా జీవితంలో ఇంకా స్థిరపడని యువకుడతడు.

2. అలంకారశాస్త్ర భూమిక

భరతుని నాట్యశాస్త్రం ఉన్మాదాన్ని ముప్ఫై మూడు వ్యభిచారి భావాలలో ఒకటిగా లెక్కించింది. ఇష్టజన వియోగం, ధననాశం, దెబ్బలు తగలడం, వాతపిత్తకఫాల ప్రకోపం వంటివి దానికి విభావాలు. అకారణంగా నవ్వడం, ఏడవడం, అరవడం, సంబంధం లేకుండా మాట్లాడడం దాని అనుభావాలు. ఇక హాస్యరసానికి చెప్పిన విభావాలలో వికృతమైన వేషాలంకారాలతో పాటు అసత్ప్రలాపం, అంగవైకల్య దర్శనం కూడా ఉన్నాయి. ఈ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఉన్మాదికి అనుభావమైన అసంబద్ధ భాషణమే ప్రేక్షకుడికి హాస్య విభావం కాగలదు. ఒకరి బాధకు బాహ్యచిహ్నమైనది మరొకరి నవ్వుకు కారణమవుతుందన్నమాట. శాస్త్రం ఈ రెండింటినీ వేర్వేరు చోట్ల చెప్పింది. వాటి మధ్యనున్న నైతిక సమస్యను పరిష్కరించుకోవలసిన బాధ్యత నాటకకర్తది.

సంస్కృత ప్రహసనాలలోనే ఇందుకు ఒక చక్కని పరిష్కారం కనిపిస్తుంది. పల్లవరాజు మహేంద్రవర్మ 7వ శతాబ్దంలో రచించిన 'మత్తవిలాస ప్రహసనం'లో సత్యసోముడనే కాపాలికుడు కంచిలో తన భిక్షాకపాలాన్ని పోగొట్టుకుంటాడు. బౌద్ధభిక్షువు దొంగిలించాడని తగవు పెట్టుకుంటాడు. పాశుపతుడు తీర్పరిగా దిగుతాడు. వాదప్రతివాదాలు సాగుతూ ఉండగా ఆ కపాలం ఒక ఉన్మత్తుడి చేతిలో బయటపడుతుంది. అతడు దాన్ని కుక్క దగ్గరనుంచి తీసుకున్నాడు. మతిస్థిమితం ఉన్నవారందరూ దేనికోసం కలహిస్తున్నారో అది మతి లేనివాడి దగ్గర ఉండడం ఈ ప్రహసనంలోని మెలిక. ఉన్మత్తుడి మాటలు నవ్విస్తాయి, నిజమే. కాని ప్రహసనం అసలు గురి శాస్త్రాలు వల్లించే పెద్దమనుషుల మీదనే.

ఆధునిక యుగంలో హెన్రీ బెర్గ్‌సన్ 1900లో వెలువరించిన హాస్యసిద్ధాంతం ఈ అంశాన్ని మరొక వైపునుంచి స్పృశించింది. సజీవమైన మనిషి యంత్రంలా బిగుసుకుపోయి ప్రవర్తించినప్పుడు నవ్వు పుడుతుందని, నవ్వడానికి హృదయం కాసేపు మొద్దుబారాలని ఆయన భావించాడు. అలా అయితే మనోవ్యాధి మీద హాస్యం రాసేవాడు ప్రేక్షకుడి హృదయాన్ని ఎవరి విషయంలో మొద్దుబార్చాలో, ఎవరి విషయంలో మెలకువగా ఉంచాలో ముందే నిర్ణయించుకోవాలి. ఈ ప్రమాణంతోనే తరువాతి రెండు నాటకాలను పరిశీలించవలసి ఉంది.

3. గంభీర సంప్రదాయం: 'ఈక్వస్'

మానసిక సంక్షోభంలో ఉన్న కౌమార బాలుణ్ణి కేంద్రంగా చేసుకున్న బ్రిటిష్ నాటకాలలో పీటర్ షాఫర్ 'ఈక్వస్' ప్రసిద్ధమైనది. జాన్ డెక్‌స్టర్ దర్శకత్వంలో 1973లో నేషనల్ థియేటర్ సంస్థ దీన్ని లండన్‌లోని ఓల్డ్ విక్ రంగశాలలో ప్రదర్శించింది. ఆలన్ స్ట్రాంగ్ అనే 17 ఏళ్ల అబ్బాయి ఆరు గుర్రాల కళ్లు పొడుస్తాడు. న్యాయాధికారిణి అభ్యర్థన మీద మనోవైద్యుడు మార్టిన్ డైసార్ట్ అతడికి చికిత్స చేయడానికి ఒప్పుకుంటాడు. గుర్రాన్నే దైవంగా ఆరాధించిన ఆ బాలుడి ఆవేశం ముందు తన జీవితం ఎండిపోయినట్టు వైద్యుడికి తోస్తుంది. చికిత్స ఆ ఆవేశాన్ని కూడా తుడిచివేస్తుందేమోనని మథనపడతాడు.

ఈ నాటకంలోనూ ఒక హాస్యక్షణం ఉంది. తొలి సమావేశంలో వైద్యుడు అడిగిన ప్రశ్నలకు ఆలన్ టెలివిజన్ వాణిజ్య ప్రకటనల పాటలు పాడుతూ జవాబిస్తాడు. అది పైకి అసత్ప్రలాపం, లోపల ఆత్మరక్షణ. కాని నాటకం ఆ దారిలో ఎక్కువ దూరం పోదు. డైసార్ట్ దీర్ఘమైన స్వగతాలలో బాలుడి వ్యాధి వైద్యుడి తాత్త్విక సంక్షోభానికి ఉపమానంగా మారిపోతుంది. ఆలన్ ఎంత బాధపడుతున్నాడన్న దానికంటే డైసార్ట్ ఎంత ఈర్ష్యపడుతున్నాడన్నదే ప్రధానమవుతుంది. వైద్యుడి వాగ్ధాటిని చూసి ఎవరూ నవ్వరు, నవ్వడానికి నాటకం అవకాశమివ్వదు. గంభీర సంప్రదాయంలోని ఇబ్బంది ఇక్కడే ఉంది. అది రోగిని అవమానించదు గాని, అతడి వ్యాధిని మరొకరి ఔన్నత్యానికి సాధనం చేస్తుంది.

4. 'బ్లూ/ఆరెంజ్': రచన, ప్రదర్శన, ఇతివృత్తం

1967లో జన్మించిన జో పెన్‌హాల్‌కు ఈ వస్తువు కొత్తది కాదు. రాయల్ కోర్ట్ రంగశాల 1994లో ప్రదర్శించిన ఆయన నాటకం 'సమ్ వాయిసెస్'లో మానసిక వైద్యశాలనుంచి విడుదలైన రే అనే యువకుడు అన్న పీట్ పంచన బతకడానికి చేసే ప్రయత్నం చిత్రితమైంది. అందులో దృష్టి రోగి మీద, కుటుంబం మీద ఉంది. 'బ్లూ/ఆరెంజ్'లో దృష్టి వైద్యవ్యవస్థ మీదికి మారింది. రచనావిధానం హాస్యం వైపు మళ్లింది. రోజర్ మిచెల్ దర్శకత్వంలో 2000 ఏప్రిల్‌లో నేషనల్ థియేటర్‌లోని చిన్న రంగశాల కాటెస్లోలో తొలి ప్రదర్శన జరిగింది. రాబర్ట్‌గా బిల్ నై, బ్రూస్‌గా ఆండ్రూ లింకన్, క్రిస్టఫర్‌గా చివెటెల్ ఎజియోఫార్ నటించారు. 2001లో ఉత్తమ నూతన నాటకంగా లారెన్స్ ఒలీవియే పురస్కారం దీనికి లభించింది. 2005లో బీబీసీ టెలివిజన్ రూపం వచ్చింది. 2016లో లండన్‌లోని యంగ్ విక్ రంగశాల మాథ్యూ షియా దర్శకత్వంలో మళ్లీ ప్రదర్శించింది.

పాత్రలు మూడే. మూడు అంకాలు. కాలం ఇరవైనాలుగు గంటలు. స్థలం లండన్‌లోని ఒక ప్రభుత్వ మానసిక వైద్యశాల సంప్రదింపుల గది. గదిలో ఒక బల్ల, తాగునీటి యంత్రం, పళ్లెంలో నారింజ పండ్లు. నల్లజాతి యువకుడైన క్రిస్టఫర్ 28 రోజుల పరిశీలన గడువు ముగించుకొని మర్నాడు ఇంటికి వెళ్లవలసి ఉంది. అతడికి స్కిజోఫ్రెనియా ఉండవచ్చునని అనుమానించిన యువవైద్యుడు బ్రూస్ ఇంకొంత కాలం ఆసుపత్రిలో ఉంచాలంటాడు. బ్రూస్‌కు పర్యవేక్షకుడైన సీనియర్ కన్సల్టెంట్ రాబర్ట్ పంపించివేయాలంటాడు. వైద్యులిద్దరూ శ్వేతజాతీయులు. రోగికి బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ మాత్రమే ఉందన్నది రాబర్ట్ వాదం. మంచాలు చాలవన్నది ఆయన బయటికి చెప్పే కారణాలలో ఒకటి. జాతికీ సైకోసిస్‌కూ ఉన్న సంబంధం మీద ఆయన రాస్తున్న గ్రంథం, దాని ద్వారా ఆశిస్తున్న ఆచార్య పదవి మరొక కారణం.

రెండో అంకంలో రాబర్ట్ క్రిస్టఫర్‌తో ఏకాంతంగా మాట్లాడి, బ్రూస్ జాతివివక్షతో ప్రవర్తిస్తున్నాడన్న అనుమానం నాటుతాడు. మూడో అంకం నాటికి బ్రూస్ మీద ఫిర్యాదు సిద్ధమవుతుంది. ఆ ఒత్తిడిలో బ్రూస్ అదుపు తప్పి రోగినే తిడతాడు. చివరకు క్రిస్టఫర్ ఇంటికి పంపబడతాడు. బ్రూస్ తన పైఅధికారి మీద ఫిర్యాదుకు సిద్ధపడుతూ ఉండగా నాటకం ముగుస్తుంది. క్రిస్టఫర్‌కు ఉన్న వ్యాధి ఏమిటో నాటకం తేల్చదు.

5. హాస్యం పనిచేసే తీరు

5.1. నారింజ రంగు

క్రిస్టఫర్ పళ్లెంలోని నారింజ పండు నీలంగా ఉందంటాడు. నాటకం మొత్తానికి కేంద్రమైన అసంబద్ధ వాక్యం ఇదే. ప్రేక్షకుడు నవ్వడానికి సిద్ధపడే క్షణం కూడా ఇదే. ఒక హాస్యగాడైతే ఈ వాక్యం దగ్గరే ఆగి పదిసార్లు నవ్వించేవాడు. పెన్‌హాల్ దాన్ని వైద్యుల చేతికి అందిస్తాడు. బ్రూస్‌కు అది రోగలక్షణం. రాబర్ట్‌కు అది కవిత్వం. ఫ్రెంచి అధివాస్తవిక కవి పాల్ ఎల్యువార్ 1929 నాటి కవితాసంపుటిలో నారింజను నీలిమతో జోడించిన పదచిత్రం ఉంది. బెల్జియం చిత్రకథల నాయకుడు టాన్‌టాన్ పాత్రతో 1964లో నీలి నారింజల మీద ఒక చలనచిత్రం కూడా వచ్చింది. ఈ ఆధారాలన్నీ చర్చలోకి వచ్చి పడతాయి. క్రిస్టఫర్ ఆ కవిని చదివాడా, ఆ చిత్రాన్ని చూశాడా అన్నది ఎవరికీ పట్టదు.

ఇక్కడ నవ్వు దిశ మారుతుంది. పండు నీలమన్నవాడు ఒకే వాక్యం చెప్పి ఊరుకున్నాడు. ఆ వాక్యాన్ని పట్టుకొని వైద్యుడు అధివాస్తవికత, బాలసాహిత్యం, సంస్కృతి అంటూ ఎక్కడెక్కడికో పోతాడు. భరతుడు చెప్పిన అసత్ప్రలాపం రోగిని విడిచి పండితుణ్ణి పట్టుకుంటుంది. బెర్గ్‌సన్ చెప్పిన యాంత్రికత కూడా ఇక్కడిదే. ఏ మాట విన్నా తన సిద్ధాంతానికి ఉదాహరణగా మార్చుకోవడం రాబర్ట్‌కు అలవాటైపోయింది. బ్రూస్ మాత్రం ఏ మాట విన్నా నిర్ధారణకు సాక్ష్యంగా రాసుకుంటాడు.

5.2. తండ్రి పేరు

క్రిస్టఫర్ తన తండ్రి ఈదీ అమీన్ అంటాడు. నారింజ విషయంలో ప్రేక్షకుడికి తన కళ్లే సాక్ష్యం. తండ్రి విషయంలో అలాంటి సాక్ష్యం లేదు. ఈదీ అమీన్ 1971 నుంచి 1979 వరకు ఉగాండాను పాలించాడు. 1972లో ఆసియా సంతతివారిని దేశంనుంచి వెళ్లగొట్టినప్పుడు వారిలో వేలాదిమంది బ్రిటన్ చేరారు. ఆయనకు అనేకమంది భార్యలు, పదులకొద్దీ సంతానం. నాటకం తొలిసారి ప్రదర్శించిన 2000 నాటికి ఆయన సౌదీ అరేబియాలో ప్రవాసిగా జీవించే ఉన్నాడు. మరణించింది 2003లో. కనుక లండన్‌లో ఒక యువకుడు ఆయన కొడుకు కావడం అసంభవమేమీ కాదు. మిథ్యావిశ్వాసానికీ అరుదైన సత్యానికీ మధ్య గీత ఎంత సన్ననిదో చూపడానికి రచయిత ఈ పేరును ఎన్నుకున్నాడని చెప్పవచ్చు.

ఈ అంశంలో నాటకం చేసే పని సూక్ష్మమైనది. మొదట ప్రేక్షకుడు నవ్వుతాడు. తరువాత ఒకవేళ నిజమేనేమో అన్న సందేహం పుడుతుంది. ఆ సందేహంతో తన తొలి నవ్వును తానే వెనక్కి తిరిగి చూసుకోవలసి వస్తుంది. రాబర్ట్ రోగి విశ్వాసాన్ని అతడి సాంస్కృతిక మూలాలతో వివరించబోతాడు. కాని క్రిస్టఫర్ జీవితం లండన్‌లోని పేటలకు చెందినది. రోగిని గౌరవిస్తున్నానంటూనే అతణ్ణి ఎక్కడో దూరదేశపు మనిషిగా మార్చడం ఈ ఉదార వాదనలోని వైరుధ్యం. ఈ వైరుధ్యమే హాస్యానికి మరొక ఊట.

5.3. మాట మీద పెత్తనం

నాటకంలో జరిగే కలహమంతా మాటల గురించే. బోర్డర్‌లైన్ అంటే సరిహద్దు రేఖ. న్యూరోసిస్‌కూ సైకోసిస్‌కూ మధ్యనున్న గీత అని రాబర్ట్ వివరిస్తాడు. ఆ గీతకు ఏ వైపున రోగిని నిలబెడితే మంచం ఖాళీ అవుతుందో, ఏ వైపున నిలబెడితే ఆరునెలలు ఉంచవచ్చునో వైద్యులిద్దరికీ తెలుసు. పేరు పెట్టడం ఇక్కడ పరిపాలన చర్య. మొదటి అంకంలో బ్రూస్ నోట వెలువడిన ఒక జాతిదూషణ పదం రోగి మాటను ఉటంకిస్తూ పలికినదే. అయినా రెండో అంకంలో రాబర్ట్ ద్వారా అది సందర్భం తప్పి, దోషారోపణకు ఆధారమవుతుంది. ఎవరు ఏ మాట అనవచ్చు, ఎవరు అనకూడదు, ఎవరు ఎవరి మాటను తిరిగి చెప్పవచ్చు అన్న పట్టుదలలు పెరిగినకొద్దీ సంభాషణ వేగం పెరుగుతుంది. ఒకరి వాక్యాన్ని మరొకరు మధ్యలో తుంచివేయడం, ఒకే పదాన్ని పదేపదే తిప్పి పలకడం ప్రహసన శిల్పానికి చెందిన మెలకువలు. వాటిని పెన్‌హాల్ వైద్యుల సంభాషణలోనే ఎక్కువగా వాడాడు.

ఆర్. డి. లాంగ్ 1960లో ప్రచురించిన 'ది డివైడెడ్ సెల్ఫ్' గ్రంథంతో బ్రిటన్‌లో ఒక ధోరణి బలపడింది. ఉన్మాది మాటలకు అర్థం ఉంటుందని, వాటిని వినాలని ఆ ధోరణి కోరింది. రాబర్ట్ ఆ ధోరణికి వారసుడిలా మాట్లాడతాడు. కాని ఆయన వినడు. ఎదుటివాడి మాటకు అర్థముందని వాదిస్తూనే ఆ అర్థాన్ని తానే నింపుతాడు. వినవలసినదిగా పుట్టిన ఆలోచన ఉపన్యాసంగా మారిపోవడాన్ని ఈ పాత్ర ద్వారా నాటకం ఎత్తిచూపింది. 'ఈక్వస్'లో గౌరవం పొందిన వైద్యుడి వాగ్ధాటి ఇక్కడ హాస్యాస్పదమైంది. సుమారు పాతికేళ్ల వ్యవధిలో బ్రిటిష్ రంగస్థలం వైద్యుణ్ణి చూసే దృష్టిలో వచ్చిన మార్పుకు ఇదొక గుర్తు.

5.4. నవ్వు ఆగే చోటు

హాస్యనాటకం ఎక్కడ నవ్విస్తుందో తెలుసుకోవడం ఎంత ముఖ్యమో, ఎక్కడ నవ్వు ఆపుతుందో తెలుసుకోవడం అంతే ముఖ్యం. మూడో అంకంలో బ్రూస్ ఆగ్రహంతో క్రిస్టఫర్ మీద విరుచుకుపడే ఘట్టం అలాంటిది. అప్పటివరకు రోగికి చికిత్స అందాలని పట్టుబట్టినవాడు ఆయనే. ఆయన నిర్ధారణ బహుశా సరైనదేనని ప్రేక్షకుడికి అనిపిస్తూ వచ్చింది. ఆయన నోటనే అవమానం వెలువడినప్పుడు నిర్ధారణ సరైనదైనంత మాత్రాన నిర్ధారించినవాడు న్యాయంగా ప్రవర్తిస్తాడన్న హామీ లేదని తేలిపోతుంది. అదే సమయంలో బయటి ప్రపంచం తనను వేధిస్తోందన్న క్రిస్టఫర్ భయం కేవలం వ్యాధి కాకపోవచ్చునన్న ఎరుక కూడా కలుగుతుంది. వేధింపు నిజమై, భయం కూడా వ్యాధి కావచ్చు. ఒకటి రెండోదాన్ని రద్దు చేయదు. నాటకం ఈ రెండింటినీ కలిపి పట్టుకోవడం వల్లనే నవ్వు అక్కడ ఆగుతుంది.

6. వ్యవస్థ నేపథ్యం

ఈ కలహానికి చట్టబద్ధమైన చట్రం ఉంది. ఇంగ్లండ్‌లో 1983 నాటి మానసిక ఆరోగ్య చట్టం రెండో సెక్షన్ కింద పరిశీలన కోసం 28 రోజుల వరకు, మూడో సెక్షన్ కింద చికిత్స కోసం మొదట ఆరునెలల వరకు ఒక వ్యక్తిని ఆసుపత్రిలో నిర్బంధంగా ఉంచవచ్చు. బ్రూస్ కోరేది మొదటిదాన్నుంచి రెండోదానికి మార్పు. మరోవైపు 1980లు, 1990లలో బ్రిటన్‌లో పాత మానసిక వైద్యశాలలను మూసివేసి రోగులను సమాజంలోనే సంరక్షించాలన్న విధానం అమలైంది. మంచాలు తగ్గాయి. బయటి సేవలు ఆ మేరకు పెరగలేదన్న విమర్శ వినిపించింది. స్వేచ్ఛ అన్న మాట పొదుపుకు ముసుగు కావచ్చునన్న అనుమానం రాబర్ట్ పాత్రను వెంటాడుతుంది. నల్లజాతివారిలో సైకోసిస్ నిర్ధారణలు, నిర్బంధ ప్రవేశాలు జనాభా నిష్పత్తికి మించి ఉండడం బ్రిటన్‌లో దీర్ఘకాలంగా చర్చలో ఉన్న విషయం. వ్యాధి నిజంగానే ఎక్కువా, దాని వెనుక పేదరికం, వివక్ష ఉన్నాయా, లేక నిర్ధారించే దృష్టిలోనే పక్షపాతం ఉందా అన్న వాదాలను పెన్‌హాల్ ఇద్దరు వైద్యులకు పంచి ఇచ్చాడు. ఇద్దరి మాటలోనూ కొంత సత్యముంది. ఇద్దరికీ దానివల్ల కొంత స్వప్రయోజనమూ ఉంది.

7. నాటకం పరిమితులు

వేదిక మీద ఉన్నవారు ముగ్గురే, ముగ్గురూ పురుషులే. రోగిని రోజంతా దగ్గరుండి చూసుకునే నర్సులు లేరు. కుటుంబం వేదిక మీదికి రాదు. ఇంటికి పంపాలా వద్దా అన్న వాదమంతా ఆ ఇంటి గొంతు లేకుండానే సాగుతుంది. వైద్యుల మాటల వెల్లువలో క్రిస్టఫర్ అంతరంగానికి దక్కిన చోటు తక్కువ. రోగి మాటను వినని వ్యవస్థను విమర్శించే నాటకం తానే అతడికి తక్కువ మాటలిచ్చిందన్న ఆక్షేపణకు అవకాశముంది. అయితే ఈ లోటును కొంతవరకు నటుడు పూరించవలసి ఉంటుంది. వైద్యులు వాదించుకుంటూ ఉండగా వింటూ కూర్చున్న క్రిస్టఫర్ ముఖంలో కదిలేది ఏమిటన్నది ఏ ప్రదర్శనకైనా పరీక్షే. మందులు, చికిత్స ఎంతోమంది యువకులకు తిరిగి చదువునూ ఉద్యోగాన్నీ ఇచ్చిన విషయానికి ఈ నాటకంలో చోటు లేదు. దాన్ని వ్యాధి గురించిన పాఠంగా కాక, వ్యాధి మీద అధికారం గురించిన నాటకంగా చదవడమే ఉచితం.

8. తెలుగు అనువాద, ప్రదర్శన దృష్టి

ఈ నాటకాన్ని తెలుగులోకి తెచ్చేవారికి శీర్షిక దగ్గరే ఒక చిక్కు ఎదురవుతుంది. ఇంగ్లీషులో పండుకూ రంగుకూ పేరు ఒకటే. పండు రంగు ఏమిటని అడగడంలోనే జవాబు ఉంది, అందువల్లే నీలమన్న జవాబు అంతగా తాకుతుంది. తెలుగులో నారింజ అన్న పదం ఈ పని చేయగలదు. కాని వాడుకలో కమలాపండు అనేవారున్నారు. ఎక్కువగా అమ్ముడయ్యే బత్తాయి తొక్క ఆకుపచ్చగా, పసుపుగా ఉంటుంది. పండు పేరు మారితే ప్రశ్నలోని బిగువు సడలుతుంది. సంస్కృత నారంగ శబ్దానికి ద్రావిడ మూలం ఉందని నిరుక్తకారులు భావిస్తారు. అది పారశీకం, అరబ్బీల మీదుగా ఐరోపాకు చేరి ఇంగ్లీషు పదమైంది. కనుక నారింజ అన్న పదాన్ని నిలుపుకోవడం అర్థరీత్యానే కాక చరిత్రరీత్యా కూడా సమంజసం.

రెండో చిక్కు పిచ్చి అన్న పదం. తెలుగులో దీని వ్యాప్తి విశాలమైనది. పిచ్చిగీత, పిచ్చిమొక్క అన్నప్పుడు నిరర్థకత, సినిమా పిచ్చి అన్నప్పుడు వ్యామోహం, పిచ్చితల్లీ అన్నప్పుడు వాత్సల్యం. వ్యాధికీ ఇదే పదం. ఈ సౌలభ్యం సంభాషణకు జీవమిస్తుంది గాని, వైద్యులు ఏ పదం వాడాలన్న దాని మీదనే నడిచే నాటకంలో అనువాదకుడు ప్రతి చోటా ఆలోచించి పదాన్ని ఎన్నుకోవాలి. ఎర్రగడ్డ, వాల్తేరు అన్న ఊరి పేర్లనే అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాలల కారణంగా ఎగతాళి మాటలుగా వాడడం తెలుగువారికి పరిచితం. ప్రదర్శనలో ఇటువంటి మాట ఒకటి చొప్పిస్తే నవ్వు వెంటనే వస్తుంది. కాని ఆ నవ్వు రోగి మీదికి పోతుంది, నాటకం నిర్మించుకున్న దిశ తలకిందులవుతుంది.

చట్టరీత్యా సందర్భం మాత్రం పరాయిది కాదు. భారతదేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్వతంత్రంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్న వ్యక్తిని నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తు మీద 30 రోజుల వరకు చేర్చుకోవడానికి, అవసరమైతే ప్రత్యేక నిబంధనలతో పొడిగించడానికి వీలు కల్పించింది. మైనర్ల ప్రవేశానికి వేరే నిబంధన ఉంది. తన చికిత్స ఎలా ఉండాలో మేజర్ అయిన వ్యక్తి ముందే రాసిపెట్టుకునే హక్కును కూడా ఈ చట్టం గుర్తించింది. క్రిస్టఫర్ 28వ రోజు ఇక్కడి 30వ రోజుకు దూరం కాదు. అయితే ఇక్కడ రోగి పక్కన సాధారణంగా తల్లిదండ్రులు ఉంటారు. వారిని వేదిక మీదికి తేవాలా, మూల నాటకంలోని శూన్యాన్ని అలాగే ఉంచాలా అన్నది అనుసరణ చేసేవారు తేల్చుకోవలసిన ముఖ్యమైన ప్రశ్న.

9. ఉపసంహారం

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

- ఉన్మాదపు అనుభావమే హాస్యానికి విభావం కావడం ఈ వస్తువులోని మౌలిక సమస్య. నాట్యశాస్త్ర పరిభాషలో దీన్ని స్పష్టంగా వివరించవచ్చు.
- 'మత్తవిలాస ప్రహసనం'లో వలెనే 'బ్లూ/ఆరెంజ్'లోనూ ఉన్మాది పక్కన ఉండగా కలహించే విజ్ఞులే హాస్యానికి ప్రధాన ఆలంబనం.
- 'ఈక్వస్' వైద్యుడి వాగ్ధాటిని గౌరవించగా, 'బ్లూ/ఆరెంజ్' దాన్నే అసత్ప్రలాపంగా చూపింది.
- నారింజ రంగు, తండ్రి పేరు అన్న రెండు మాటలలో మొదటిదాన్ని ప్రేక్షకుడు కాదనగలడు, రెండోదాన్ని కాదనలేడు. ఈ తేడాయే నవ్వును ఆత్మపరిశీలనగా మారుస్తుంది.
- రోగి అంతరంగానికీ కుటుంబానికీ చోటు తక్కువ కావడం నాటకం పరిమితి. తెలుగు అనుసరణలో పూరించగల ఖాళీ కూడా అదే.

మనోవ్యాధిని హాస్యవస్తువుగా స్వీకరించడం తప్పన్న నిషేధం వల్ల రోగికి మేలు జరగదు. దానివల్ల అతడి చుట్టూ ఉన్న మౌనం మరింత చిక్కబడుతుంది. నవ్వు ఎటు పోతోందో చూసుకోవడం నాటకకర్తతో పాటు దర్శకుడు, నటుడు, విమర్శకుడు పంచుకోవలసిన బాధ్యత. ముగ్గురు మనుషులు, ఒక పళ్లెం నారింజలతో పెన్‌హాల్ ఆ బాధ్యతను నిర్వహించిన తీరు ఈ వస్తువు మీద పనిచేసే తెలుగు నాటకకర్తలకూ పరిశోధకులకూ పరిశీలించదగిన నమూనా.